వత్తులు ఊడిన ప్రకటన

ఆ రోజుల్లో నాకు తెలుగు రాదన్న సంగతి నాకు తెలియదు. మాట్లాడటం వచ్చు, పోట్లాడటం వచ్చు, సినిమా చూసి ఏడవడం వచ్చు, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంటర్లో మార్కులు బాగా పడతాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుని, ఆ సంస్కృతం పరీక్ష కూడా ముప్పాతిక మూడొంతులు ఇంగ్లీషులోనే రాసి (అబద్ధం కాదు, నా ఈడువాళ్లను ఎవరినైనా అడగండి) గట్టెక్కినదాన్ని. ఆపైన అమెరికా వచ్చి మార్కెటింగులో మాస్టర్స్ చేశాను. ఉద్యోగం దొరికేదాకా ఫ్రిస్కోలో అక్క ఇంట్లో, మేడ మీద గదిలో మకాం. పొద్దున లేచి అప్లికేషన్లు పెట్టడం, కిందికొచ్చి ఫ్రిజ్ తెరిచి చూడటం, మళ్లీ మేడెక్కడం, ఇదీ నా దినచర్య. ఏ వస్తువు ఎలా అమ్మాలో నాకు తెలుసుననీ, ఆ సంగతి ఒక్క కంపెనీల వాళ్లకే తెలియడం లేదనీ నా గట్టి నమ్మకం. మా బావ నన్ను 'మేడమీద మార్కెటింగు' అని పిలిచేవాడు. అందులో వెటకారం ఉందని చాలాకాలం నాకు తట్టలేదు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

అక్క సంగతి వేరు. పెళ్లికి ముందు విజయవాడలో బ్యాంకులో పనిచేసేది. ఇక్కడికొచ్చాక వీసా ఒప్పుకోక కొన్నేళ్లు, పాప చిన్నదని కొన్నేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. ఫ్రిస్కోలో ఎవరి పిల్లల పుట్టినరోజుకు వెళ్లినా, చేతికి పేపరు ప్లేటు వచ్చేలోపే ఒక ప్రశ్న వస్తుంది: "మీరేం చేస్తారండీ?" బావ ఏదో క్లౌడు గురించి చెప్పేవాడు, అడిగినవాళ్లు తలూపేవారు. అక్క మాత్రం, "ఏం లేదండీ, ఇంట్లోనే" అనేది. అని ప్లేటులోకి చూసేది. ఆ ప్లేటులో ఉన్న సమోసాను అంతసేపు చూడాల్సిన అవసరం ఏ మనిషికీ ఉండదు. నేను పక్కనే నిలబడి ఆ చూపు చాలాసార్లు చూశాను.

ఆ ఏడు అక్కకు వర్క్ పర్మిట్ వచ్చింది. అదే సమయానికి అక్క అత్తగారు ఆరు నెలలుందామని దిగారు. ఆవిడ సూట్‌కేసులో సగం పచ్చళ్లు, సగం దూది. గింజ తీసి ఏకిన మంచి పత్తి. మధ్యాహ్నం పూట టీవీ ముందు కూర్చుని, చేతికి కాస్త విభూతి అద్దుకుని, దీపారాధనకు వత్తులు చేసేవారు. కళ్లు సీరియల్లో, నోరు ఆ సీరియల్లో అత్తను తిట్టడంలో, చేతులు వత్తుల్లో ఉండేవి. అక్క పక్కన చేరి నేర్చుకుంది. మొదట్లో అక్క వత్తులు మధ్యలో ఉబ్బి, చివర్లు ఊడిపోయి, చూడటానికి జాలేసేవి. నెల తిరిగేసరికి అత్తగారివేవో కోడలివేవో ఆవిడే పోల్చుకోలేకపోయారు. కొట్లో దొరికే మిషను వత్తులు నూనె తాగక మాడి ఊరుకుంటాయి. ఇవి అలా కాదు, పొద్దున వెలిగిస్తే మనం టిఫిను తిని గిన్నెలు కడిగేదాకా నిదానంగా వెలుగుతూనే ఉండేవి. ఇరుగుపొరుగు వాళ్లు అడిగి పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. కార్తీకం దగ్గరపడుతోంది, శనివారం మన గరాజ్‌లో బల్ల వేసి అమ్మితే ఎలా ఉంటుందని అక్కకు ఆలోచన వచ్చింది. వంటింట్లో చెయ్యి తుడుచుకుంటూ నాతో అంది, "ఈసారి పార్టీలో ఎవరన్నా అడిగితే, వత్తులు చేస్తానండీ అని చెప్తానే. వినడానికి బాగుంటుందంటావా?"

"బాగుండటమేంటక్కా, అదిరిపోతుంది. పబ్లిసిటీ సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఇలాంటి మాట ఎవరైనా అంటే వాళ్ల నోరు అక్కడికక్కడే మూయించాలని ఇప్పుడు నా అభిప్రాయం.

ఆ సాయంత్రం అక్కను కూర్చోబెట్టి క్లాసు పీకాను. "ప్రొడక్ట్‌ని అమ్మకూడదక్కా. కస్టమర్ ప్రాబ్లెమ్‌ని పట్టుకోవాలి. అక్కడ కొట్టాలి."

"నా దగ్గర ప్రాబ్లెమ్ ఏం లేదే, వత్తులున్నాయి" అంది అక్క.

ఈవిడకు అర్థం కాదులే అని నేనే ఆలోచించాను. కస్టమరుకు ఉన్న బాధేమిటి? ఇంట్లో వత్తులు చేసుకుందామని కూర్చుంటారు, అవి సరిగ్గా రావు. అంతే, శీర్షిక దొరికింది: 'వత్తులు సరిగ్గా రావట్లేదా?' దాని కింద, 'చింత వద్దు, అనుభవం గల అత్తయ్యగారు ఉన్నారు' అని పెట్టాను. పెద్దవాళ్లు తీరిగ్గా కొనుక్కోవాలంటే పిల్లలకు ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా, అందుకని బొమ్మలకు రంగులు, జ్యూసు డబ్బాలు సిద్ధం చేసి, 'పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ' అని ఇంకో వాక్యం తగిలించాను. శనివారం పది గంటలకు, మా గరాజ్‌లో. ఇత్తడి పళ్లెంలో వత్తులు పేర్చి ఫొటో తీసి పెడదామంది అక్క. నేను ససేమిరా అన్నాను. తెల్లగా అవేమిటో దూరానికి తెలియదు, చెవిలో పెట్టుకునే పుల్లలనుకుంటారు, మనిషి ముఖం ఉంటేనే నమ్మకం కలుగుతుంది అని వాదించి, అత్తయ్యగారి ఫొటో పెట్టాను. కళ్లజోడు ముక్కు మీదికి జారి, చూపుడువేలు పైకెత్తి ఉన్న ఫొటో. (నిజానికి ఆవిడ అప్పుడు నన్ను, పంపు కట్టమని కసురుతున్నారు.) మొత్తం ప్రకటనలో దీపం అన్న మాట లేదు. దూది అన్న మాటా లేదు. ఇంత చదువు చదివితే గానీ ఇలాంటిది రాయడం ఎవరి తరమూ కాదు.

ఇక అసలు ఘనకార్యం వినండి. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే అదే తెలుగు చేసి పెడుతుంది. దాన్ని తీసుకెళ్లి ఫ్లయర్లు తయారుచేసే ఆప్‌లో అతికించాను. ఆ ఆప్‌కు తెలుగు అంతంతమాత్రం, నాకూ అంతే. అది అక్షరాల కిందుండే వత్తులన్నీ ఊడబెరికి, వరసలో పక్కన నిలబెట్టింది. 'వత్‌తులు సరిగ్‌గా రావట్‌లేదా? చింత వద్‌దు, అనుభవం గల అత్‌తయ్‌యగారు ఉన్‌నారు.' నేను చూడలేదా అంటే, చూశాను. అక్షరాల నెత్తిన చిన్న చిన్న కొమ్ములేవో కనబడ్డాయి. ఫాంటు స్టైలుగా ఉందే అనుకున్నాను. అక్కకు చూపిద్దామని కిందికి వెళ్తే రెండు చేతులా విభూతితో పత్తి ముందు కూర్చుని ఉంది. "నువ్వు చూశావుగా, చాలులేవే" అంది, తల ఎత్తకుండానే. బావ ఆ వారం ఆఫీసు పని మీద ఊళ్లో లేడు. గుడి గ్రూపులో, మా వీధి గ్రూపులో, స్కూలు అమ్మల గ్రూపులో పెట్టేశాను.

గంట తిరక్కుండా ఫోను మోగడం మొదలైంది. నవ్వుతున్న ముఖాలు, చప్పట్లు, 'కేక', 'ఎవరికొచ్చిందండీ ఈ ఐడియా', 'మేం తప్పకుండా వస్తాం'. ఒకరు పంపింది ఇంకొకరు, వాళ్లు పంపింది వేరొకరు, చివరికి ఊరవతల వాళ్లు కూడా అడ్రసు అడిగారు. వత్తులకు ఇంత గిరాకీ ఉందని అక్క కలలో కూడా అనుకోలేదు. ఉన్న పత్తి అంతా చేసేసింది. పువ్వు వత్తులు, పొడుగు వత్తులు, కార్తీక పౌర్ణమికి వెలిగించే పెద్ద కట్టలు. అత్తయ్యగారు సీరియల్ కూడా మానేశారు. నేను మాత్రం సోఫాలో వాలి, ఈ విజయాన్ని రెజ్యూమేలో ఏ మాటల్లో రాయాలా అని ఆలోచించుకున్నాను.

శనివారం పది కాకముందే మా వీధికి రెండు పక్కలా కార్లు. అక్క పట్టుచీర కట్టుకుంది, గరాజ్‌లో బల్ల మీద తెల్లదుప్పటి పరిచి ప్యాకెట్లు పేర్చింది. కార్లు చూసి కళ్లలో నీళ్లు తిరిగాయేమో, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కార్ల తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి కారులోంచీ పిల్లలు దిగారు. ప్రతి పిల్ల చేతిలో ఒక నోటు పుస్తకం, పెన్సిలు. కొందరు మడత కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. "ఎక్కడ కూర్చోబెట్టమంటారండీ?" అని అడిగితే, రంగులు వేసుకోవడానికి కాబోలు, ఎంత ముందుచూపు అనుకుని గరాజ్‌లో చాప పరిచి వరసగా కూర్చోబెట్టాను.

ఒకావిడ తిన్నగా అత్తయ్యగారి దగ్గరికి వచ్చింది. ఫొటో వల్ల అందరికీ ఆవిడే గుర్తు.

"మా వాడికి మాటలు బాగానే వచ్చండీ. వత్తులే రావు."

"మొదట్లో ఎవరికీ రావమ్మా" అన్నారు అత్తయ్యగారు చాలా ప్రేమగా. "చెయ్యి తడి లేకుండా చూసుకోవాలి."

"చెయ్యి కాదండీ, నోరు తిరగట్లేదు వాడికి."

"నోటితో పనేముందమ్మా? నోరు మూసుకుని చేస్తే ఇంకా బాగా వస్తాయి."

ఆవిడ ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అన్నట్టు తలూపింది. వెనక నుంచి ఒకాయన ముందుకు జరిగాడు. "క్లాస్ ఎన్ని వారాలుంటదండీ? మా పాప 'న' వత్తుకీ 'త' వత్తుకీ బాగా కన్ఫ్యూజ్ అయితది. అది జర చూడండి."

అత్తయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అవేమిటో నాకు తెలియవు నాయనా. నాకు తెలిసినవి పువ్వు వత్తి, పొడుగు వత్తి. పిల్లలకు పువ్వు వత్తి తేలిక."

ఆ వచ్చినాయన బల్ల మీది ప్యాకెట్ల వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు, మళ్లీ ప్యాకెట్ల వైపు చూశాడు. ఫోను అక్క చేతికిచ్చాడు. అక్క ఆ ప్రకటన చూడటం అదే మొదటిసారి. ఒకసారి చదివింది. వేలితో అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ చదివింది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

అప్పటికైనా విషయం నాకు బోధపడింది, కానీ తప్పించుకునే దారి లేకపోయింది. పక్క వీధిలో కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మాష్టారు, చేతులు వెనక్కి కట్టుకుని గుంపులోంచి వచ్చారు. పంచె మీద స్వెట్టరు, కాళ్లకు తెల్లని స్పోర్ట్స్ షూసు.

"ఈ ప్రకటన రాసిందెవరమ్మా?"

అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి కనుక ఎవరూ పలకాల్సిన అవసరం లేకపోయింది.

"ఎంత చమత్కారం తల్లీ. వత్తులు రానివాళ్లను వత్తులు లేకుండా రాసి పిలిచావు. మా అమ్మాయి చూపిస్తే పగలబడి నవ్వాను. కావాలనే చేశావు కదూ?"

చూడండి, అక్కడ ఒక్క మాట ఉంది. 'లేదండీ' అని. మూడక్షరాలు, ఒక్క వత్తు కూడా అక్కర్లేని మాట. దాన్ని మింగేసి, "అవునండీ, కాన్సెప్టే అది" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. మాష్టారు మురిసిపోయి, గోడకున్న తెల్లబోర్డు మీద మా పాప వేసిన యూనికార్నును జాగ్రత్తగా తుడిచి, మార్కరు నా చేతికిచ్చారు. "ఏదీ, ఆ మొదటి వాక్యమే వత్తులతో సహా రాయి. పిల్లలు రెంటికీ తేడా చూస్తారు."

రాశాను. 'వ' వచ్చింది. 'తు' కూడా వచ్చింది. దాని కింద ఏదో ఉండాలని తెలుసు, ఏది ఉండాలో తెలియదు. కామా లాంటిది ఒకటి గీశాను. అది నచ్చక దానికో తోక పెట్టాను. 'సరిగ్గా' దగ్గరికి వచ్చేసరికి 'గ' కింద తలకట్టుతో సహా ఇంకో చిన్న 'గ' రాసి వెనక్కి తిరిగాను. చాప మీద మొదటి వరసలో కూర్చున్న ఏడేళ్ల పిల్ల తల పక్కకు వంచి చూస్తోంది.

"ఆంటీ, అది లెటర్ కాదు" అంది. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా, కానీ గరాజ్ మొత్తానికీ వినబడేలా, "మామ్, ఆంటీకి కూడా రాదు" అంది.

అందరూ నవ్వారు. ఎగతాళిగా నవ్వి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసేదాన్ని. జాలిగా, ఆప్యాయంగా నవ్వారు. మాష్టారు నా చేతిలోంచి మార్కరు తీసుకుని, "పర్వాలేదమ్మా, అదిగో అక్కడ కూర్చో" అని చాప చూపించారు. కూర్చున్నాను. ఆ ఏడేళ్ల పిల్ల జరిగి చోటిచ్చి, తన పుస్తకంలోంచి ఒక కాగితం చించి నాకిచ్చింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసిందని అనుకున్నాను, కానీ అసలుది అప్పటికింకా రాలేదు.

పిల్లలు వచ్చారు కదా, ఊరికే పంపడం ఎందుకని మాష్టారు పాఠం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు బల్ల చుట్టూ నిలబడి మాటల్లో పడ్డారు. ఆ మాటల్లో ఒకావిడ, చాలా మర్యాదగా, అక్కను అడిగింది, "మరి మీరేం చేస్తారండీ?"

బల్ల మీద ప్యాకెట్లు పేర్చి ఉన్నాయి. వాటి వెనక పట్టుచీరలో అక్క నిలబడి ఉంది. ఆ మాట కోసమే వారమంతా పత్తి ముందు కూర్చున్న మనిషి. పిల్లల మధ్య చాప మీద కూర్చుని, కాగితం మీద కళ్లు పెట్టి, నేను చెవులు రిక్కించాను.

"ఏం లేదండీ" అంది అక్క. "ఇంట్లోనే."

అని, వత్తుల్లోకి చూసింది.

బోర్డు దగ్గర పోయిన పరువు నాది, దాని సంగతి నేను చూసుకోగలను. ఇది నేను అక్క దగ్గర తీసేసుకున్నది. నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న పిల్ల నాకు పాఠం కష్టంగా ఉందనుకుని తన రబ్బరు కూడా ఇచ్చింది.

అందరూ వెళ్లేటప్పుడు, వచ్చే శనివారం కూడా ఉంటుందా అని మాష్టారిని అడిగి మరీ వెళ్లారు. మొహమాటానికి కొందరు ప్యాకెట్లు తీసుకోబోతే అక్క డబ్బులు వద్దంది. మిగిలినవన్నీ అట్టపెట్టెల్లో సర్దుతుంటే నేను సాయానికి వెళ్లాను. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టలేదు. చివరికి నేనే, "సారీ అక్కా. దీపం బొమ్మ పెట్టి, వేరే ఆప్‌లో కొత్త ఫ్లయర్ చేస్తాను" అన్నాను.

"ఆప్ వద్దు" అంది అక్క. "చేత్తో చేసినవి కదే. చేత్తో రాయి."

"నాకు రాదక్కా." ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"తెలుసు. వచ్చాక రాయి."

అందుకని ఆ తర్వాత శనివారాలు మా గరాజ్‌లో, మాష్టారి క్లాసులో, చాప మీద చివరి వరసలో నా కాళ్లు పట్టక అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. ఏం నేర్చుకోవాలమ్మా అని ఆయన అడిగితే, 'దీపం వత్తులు. చేత్తో చేసినవి.' అని రాయాలండీ అన్నాను. ఆయన అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టి, "దీనికి ఒక్క 'త' వత్తు వస్తే చాలమ్మా, బెంగపడకు" అన్నారు. ఆ ఒక్కటి రావడానికే నాకు చాలా కాగితాలు పట్టాయి. చివరికి వచ్చిన దానికి కూడా తోక కాస్త వంకర. అక్క దాన్నే కార్డుల మీద కాపీ తీయించి ప్యాకెట్టుకొకటి పెట్టింది. పాఠానికొచ్చిన పిల్లలతో ఇళ్లకు పంపింది. ఆ కార్తీకంలో అమ్ముడైనవి నా చదువు లెక్కలో చెప్పుకోదగ్గవి కావు. అక్క మాత్రం మళ్లీ పత్తి తెప్పించింది.

ఇప్పుడు నేను ఇంకో రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో ఉంటున్నాను. ఉద్యోగం దొరికింది, నా హోదాలో మార్కెటింగ్ అన్న మాట కూడా ఉంది. అక్క ఏటా కార్తీకంలో ఒక వారాంతం వచ్చి, ఇక్కడి గుడి దగ్గర బల్ల వేస్తుంది. కార్డు మార్చమని, చక్కగా అచ్చు వేయిస్తానని చాలాసార్లు అడిగాను. ఒప్పుకోదు. పోయిన కార్తీకంలో ఒకావిడ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, కార్డు చూసి ముచ్చటపడిపోయింది.

"ఎవరో చిన్నపిల్ల రాసినట్టుంది, ఎంత ముద్దుగా ఉందో. మీ పాపా?"

"కాదండీ, మా చెల్లెలు" అంది అక్క.

"అవునా. ఎన్నో క్లాసు?"

"అది రాసేటప్పటికి మాస్టర్స్ అయిపోయిందండీ."

పాపిట్లో తెల్లవెంట్రుకలతో, కళ్లజోడుతో, అక్క వెనక చిల్లర లెక్కపెడుతున్న నన్ను ఆవిడ గమనించలేదు. నవ్వుకుంటూ మూడు ప్యాకెట్లు సంచిలో వేసుకుని, ఇక్కడివాళ్ల అలవాటు చొప్పున, "మీరేం చేస్తారండీ?" అని అడిగింది.

"వత్తులు చేస్తానండీ" అంది అక్క. ఆవిడ కళ్లలోకి చూస్తూ అంది.

"మరి మీరు?" అని ఆవిడ నా వైపు తిరిగింది. నా హోదా పెద్దది, చెప్పడానికి కొంచెం టైం పడుతుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతే, ఆవిడ సంచిలోంచి ఆ కార్డు పైకి కనబడుతోంది, తోక వంకర 'త' వత్తుతో సహా. ఇన్నేళ్లయినా చెవులు వేడెక్కాయి. అక్క నా వైపు చూడకుండానే నవ్వు ఆపుకుంటోంది.

"నేనా అండీ?" అన్నాను. "వత్తులు నేర్చుకుంటున్నాను."